మమ్మల్ని నిలబెట్టిన వారికి

కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును తిడుతున్నట్టు నటిస్తూ పొగిడాడు. నాకంత విద్య లేదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, ఉన్నదున్నట్టు చెప్పడమే వచ్చు. అందుకని మా పురపాలక సంఘాన్ని నేరుగానే పొగిడేస్తున్నాను.

నేనడిగింది ఒక సిమెంటు బెంచీ వేసుకోడానికి అనుమతి. డబ్బు నాది, బెంచీ నాది, స్థలం ఒక్కటే ప్రజలది. బ్యాంకు ఎదురుగా వేపచెట్టు ఉంది. ఒకటో తారీకున పింఛను డబ్బుల కోసం వచ్చిన ముసలివాళ్ళంతా దాని నీడనే నిలబడతారు. మోకాళ్ళు పట్టేసినప్పుడల్లా మా ఆవిడ ఆ చెట్టు వేరు మీద కూలబడేది. ఆవిడ పోయాక, ఆ వేరు పక్కనే బెంచీ వేసి, వీపు ఆనించే పలక మీద ఆవిడ పేరు రాయిద్దామనుకున్నాను.

అర్జీ అందుకున్న గుమాస్తా దాన్ని ఆసాంతం చదివాడు. ఈ రోజుల్లో అలా చదివేవాళ్ళెక్కడ? "జ్ఞాపకార్థం అన్నారు కదా మాస్టారూ, మరణ ధ్రువీకరణ పత్రం జతచెయ్యలేదే?" అన్నాడు. ఎంత ముందుచూపు! బతికున్న మనిషి పేరు బెంచీకెక్కితే ఊరి పరువేం కాను? ఆ పత్రం ఇచ్చింది పక్క కిటికీ వారే. అయినా సరే, తమ సంతకాన్ని కూడా గుడ్డిగా నమ్మని నిజాయితీ వారిది. గెజిటెడ్ అధికారి చేత అటెస్ట్ చేయించి మూడు కాపీలు తెమ్మన్నారు. మా ఆవిడ పోయిందని మూడుసార్లు రూఢి చేసుకున్నాను.

ఇంజినీరు నా శిష్యుడే. తొమ్మిదో తరగతిలో వైశాల్యాల దగ్గర తెగ తడబడేవాడు. అలాంటివాడు టేపు పట్టుకుని స్వయంగా చెట్టు దగ్గరకొచ్చి, పొడవు 5 అడుగులు, వెడల్పు 1.5 అడుగులు అని కొలిచి, "7.5 చదరపు అడుగుల ఆక్రమణ మాస్టారూ" అంటూ ఫైల్లో రాసుకున్నాడు. గుణకారం ఎక్కడా తప్పలేదు. గురువుకు ఇంతకన్నా గురుదక్షిణ ఏముంటుంది? పక్క బట్టల షాపు వారివి నాలుగు మెట్లూ, ఒక జనరేటరూ ఫుట్‌పాతు మీదే ఉన్నాయి. మావాడు ఆ మెట్ల మీద నిలబడే నా బెంచీ చోటు కొలిచాడు. కాస్త ఎత్తు నుంచి చూస్తే ఆక్రమణ స్పష్టంగా కనిపిస్తుంది.

టౌన్ ప్లానింగు వారు ఈ వయసులో నాకు న్యాయశాస్త్రం నేర్పించారు. రోడ్ల మీదా ఫుట్‌పాతుల మీదా విగ్రహాలకు గానీ కట్టడాలకు గానీ అనుమతులివ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు చెప్పిందట. బెంచీ కట్టడమే కదా అన్నారు. వీధిదీపాలకూ, జనానికి పనికొచ్చే సదుపాయాలకూ అదే ఉత్తర్వులో మినహాయింపు ఉందని కాగితం తీసి చూపించాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, భద్రంగా నాకే ఇచ్చేశారు. పరుల సొత్తు పైసా ముట్టరు. చెట్టు కింద కనుక 2002 నాటి వాల్టా చట్టం కూడా చూడాలన్నారు. నేను చెట్టు కొట్టనండీ, కింద కూర్చుంటాను, అంతే అని విన్నవించుకున్నాను. కొట్టడం గురించి చట్టంలో ఉంది, కూర్చోవడం గురించి లేదు, అందుకే అనుమానంగా ఉందన్నారు.

ఆఫీసు వరండాలో అర్జీదారులకు ఒక్క కుర్చీ కూడా ఉండదు. తెలియనివాళ్ళు దీన్ని నిర్లక్ష్యం అనుకుంటారు. బెంచీ కావాలని వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెడితే అర్జీ బలం తగ్గిపోదూ? నా పక్షాన సాక్ష్యం గట్టిపడాలనే, వెళ్ళిన ప్రతిసారీ రెండు గంటలు తక్కువ కాకుండా నిలబెట్టారు.

ఎనిమిది నెలలయ్యాక సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, నా ఫైలు ఎక్కడుందని అడిగాను. జవాబుకు 30 రోజుల గడువు. సరిగ్గా 29వ రోజున రిజిస్టరు పోస్టులో వచ్చింది: "మీ ఫైలు పరిశీలనలో ఉన్నది." ఆ సమయపాలన చూస్తే కళ్ళు చెమర్చాయి. పైగా ఆ కవరుకైన తపాలా ఖర్చు నేను కట్టిన ఫీజుకన్నా ఎక్కువ. నా కోసం చేతి చమురు వదుల్చుకున్నారు పాపం.

కౌన్సిలు సమావేశం అజెండాలో నా బెంచీ 37వ అంశం. 36 దాకా వచ్చేసరికి భోజనాల వేళయింది.

ఇంత గొప్ప కార్యాలయంలో నన్ను నిరాశపరిచినవాడు అటెండరు ఒక్కడే. "రాత్రికి రాత్రి వేసేయండి మాస్టారూ. వేశాక ఎవరూ తియ్యరు. తియ్యాలన్నా ఫైలు నడవాలి కదా!" అన్నాడు. పద్ధతి తెలియని మనిషి. మందలించి వచ్చేశాను.

పోయిన నెలాఖరున ఒకరోజు తెల్లారేసరికి వేపచెట్టు కింద విగ్రహం లేచి ఉంది. ముసుగు వేశారు కనుక ఎవరిదో ఇంకా తెలియదు. అర్జీ పెట్టిన జాడ లేదు, అజెండాలో అంశం లేదు. అడ్డొచ్చిందని మా ఆవిడ కూర్చునే వేరును నరికేసి, దాని మీదుగా దిమ్మె కట్టారు. అటు 8 అడుగులు, ఇటు 8 అడుగులు. నా లెక్క ప్రకారం 64 చదరపు అడుగులు. నా శిష్యుడి లెక్క ఇంకా రాలేదు.

దిమ్మె అంచు మాత్రం మోకాలెత్తున చక్కగా అమరింది. ఒకటో తారీకున పింఛనుదార్లు అయిదుగురు దాని మీద వరసగా కూర్చున్నారు. "రండి మాస్టారూ" అని జరిగి చోటిస్తే, నేనూ చివర్న కూర్చున్నాను. ఎండపొడకి బండ కాస్త చురుక్కుమంది.

బెంచీ మా ఇంటి వరండాలో ఉంది. పేరు రాసే పెయింటరు నిన్న మళ్ళీ ఫోను చేశాడు, రంగు కలపమంటారా అని. అనుమతి రాలేదు కదా, ఆగమన్నాను.