సొంతింటాయన

కర్ణాటకలో సింధనూరు చుట్టుపక్కల, వలసొచ్చిన తెలుగువాళ్ళ క్యాంపుల్లో ఏ పెళ్ళికి వెళ్ళినా ఒకాయన తగులుతాడు. పేరడగడు, ఊరడగడు. "సొంతిల్లేనాండీ?" అంటాడు. అద్దిల్లని చెప్పామో, పరామర్శకొచ్చినవాడిలా మన చెయ్యి పట్టుకుంటాడు.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక, ఎడమగట్టు కాలువను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబాల్లో ఈయనదీ ఒకటి. తాతగారు పూరిపాకలో గుర్రుపెట్టి నిద్రపోయేవారట. మనవడు పిల్లల చదువుకని సింధనూరు చేరి, ఏళ్ళ తరబడి అద్దెకుండి, చివరికి డూప్లెక్సు కట్టి నిద్ర మానేశాడు. రాత్రి ట్యాంకు పొంగిన చప్పుడైతే లేస్తాడు. చప్పుడు కాకపోతే మోటారు కాలిందేమోనని లేస్తాడు.

హాలంతా గ్రానైటు పరిపించాడు. తను మాత్రం వెనక వరండాలో షాబాదు బండల మీద తువ్వాలు పరుచుకుని పడుకుంటాడు. "రాయచూరు ఎండలకి ఇదే హాయండీ" అంటాడు గానీ, గ్రానైటు మీద గీత పడుతుందని భయం. గోడకి మేకు కొట్టనివ్వడు. వాళ్ళ పెళ్ళి ఫొటో ఇంకా బీరువా మీదే పడుకుని ఉంది. "అద్దింట్లోనే నయం, కేలండరైనా తగిలించుకున్నాం" అంటుంది వాళ్ళావిడ.

2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు రైతులంతా వరి ఏమవుతుందోనని కుమిలిపోయారు. ఈయనా ముఖం వేలాడేశాడు. కుళాయి నీళ్ళు తగ్గితే మేడ మీద కొత్తగా పోసిన స్లాబు క్యూరింగ్ ఎలాగని!

అలాగని సుఖం లేదనకూడదు. ఇల్లు ఖాళీ చెయ్యమనేవాడు లేడు, పిల్లలు బడి మారక్కర్లేదు. ఒకప్పుడు ఓనరు ముందు చేతులు కట్టుకు నిలబడ్డ మనిషి, ఇప్పుడు ఏప్రిల్‌లో కడితే 5 శాతం తగ్గింపని నగరసభలో అందరికంటే ముందు ఇంటిపన్ను కట్టి, ఆ రసీదు ఏడాదంతా జేబులో పెట్టుకు తిరుగుతాడు. నా లెక్కలో ఆ దర్జాకి ఇంటి అప్పు వాయిదాల బాధంతా చెల్లు. బీపీ సంగతంటారా, డాక్టరు ఉప్పు తగ్గించమంటే బోరు నీళ్ళ గురించేననుకుని, ట్యాంకుకి ఫిల్టరు పెట్టించాడు.

అటువైపు వెళితే వాళ్ళింటికి తప్పక వెళ్ళండి. ఇల్లంతా తిప్పి చూపించి, భోజనం పెట్టిగానీ పంపడు. గోడకి మాత్రం ఆనుకోకండి. తలకి నూనె రాసుకునుంటే మరీను.