కోడి మందుల చీటీ ఇప్పించండి

మందుల తనిఖీ అధికారి గారికి,

ఆదివారం చికెన్ కొట్టు ముందు నిలబడే ఒక వినియోగదారుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

అయ్యా, నేను సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ కొనబోతే మందుల షాపులో డాక్టరు చీటీ చూపించాలి. 2014 నుంచి అమల్లో ఉన్న హెచ్1 నిబంధన ప్రకారం షాపువాళ్లు నా పేరు, డాక్టరు పేరు, ఎన్ని బిళ్లలో రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. నా మీద ఇంత శ్రద్ధ పెట్టినందుకు ధన్యవాదాలు. నేను వండుకునే కోడి తన ఆరు వారాల బతుకులో ఏ మందు ఎన్నాళ్లు తాగిందో మాత్రం నాకు చెప్పేవాళ్లు లేరు. బిల్లుతోపాటు దాని చీటీ కూడా ఇప్పించ ప్రార్థన.

రైతునడగమంటారేమో. కంపెనీ పిల్లల్నిస్తుంది, దాణా ఇస్తుంది, మందులూ అదే ఇస్తుంది. షెడ్డు, కరెంటు, చాకిరీ ఆయనవి; కిలోకింతని కూలి. బస్తాలో ఏం కలిసిందో ఆయనకు మాత్రం ఏం తెలుసు? రోగమొచ్చిన కోడికి మందు వేయడం న్యాయమే. రోగం రాకుండానే, వస్తుందేమోనని, నాలుగు గ్రాములు ఎక్కువ తూగుతుందని రోజూ కాస్త కాస్త పెడితేనే చిక్కు. ఆ కాస్తకు నీరసపు బ్యాక్టీరియా చస్తుంది, మొండిది మిగిలి సంతానాన్ని పెంచుకుంటుంది.

కొలిస్టిన్ సంగతి తమకు తెలియనిది కాదు. ఐసీయూలో మిగతా మందులన్నీ చేతులెత్తేశాక, కిడ్నీలకు ముప్పని తెలిసీ ఎక్కించే మందు. దాన్ని మన దేశంలో కోళ్ల మేతలో కలిపారు! దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు పందుల్లో, కోడిమాంసంలో, రోగుల్లో కూడా ఉందని 2015లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఆ జన్యువు ఒక జాతి బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతికి దాటగలదు. 2019 జూలైలో కేంద్రం కోళ్లకు, పశువులకు, చేపలకు కొలిస్టిన్ నిషేధించింది. సంతోషం. మిగతా మందుల మాటేమిటి?

మాంసం బాగా ఉడికిస్తే ఆ బ్యాక్టీరియాలు చస్తాయిగా అంటారు. చస్తాయి. కానీ మా కొట్టులో మెడ కోసి డ్రమ్ములో పడేసిన కోళ్లన్నిటికీ అదే మొద్దు, అదే కత్తి, పొద్దుట్నుంచీ మార్చని అదే బకెట్టు నీళ్లు. ఆ చేత్తోనే చిల్లర. ఇంటికెళ్లి ఆ సంచి విప్పిన చేత్తోనే నేను నంజుకోడానికి ఉల్లిపాయ కోస్తాను. ఉల్లిపాయ ఉడకదు కదండీ.

 

చీటీ కుదరదంటే, కనీసం దాణా బస్తా మీద లోపలున్న మందు పేరు, కోడిని అమ్మే ముందు ఆ మందు ఎన్నాళ్లు ఆపాలో తెలుగులో పెద్దక్షరాల్లో వేయించండి. కొట్టులో ఒక కుళాయి, ఒక సబ్బు.

ఇట్లు,
కిలో స్కిన్‌లెస్, చిన్న ముక్కలు