చిన్న పడవకు పెద్ద ఫైలు

మా వడ్డాదిని ఒకప్పుడు ఏలినవాళ్లు మత్స్య వంశపు రాజులు. 1269 నాటి దిబ్బిడ శాసనంలో అర్జునుడనే రాజు పేరు కూడా ఉంది. వంశంలో చేప ఉంది కదాని ఊళ్లో సముద్రం ఉంటుందా? మాకున్నది పెద్దేరు. అలలు చూడాలంటే అనకాపల్లి దాటి పూడిమడక పోవాల్సిందే. వానాకాలంలో మా ఊరి బి.ఎన్. రోడ్డు మీద మాత్రం పడవ వేసుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ ఊళ్లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ మా మేనల్లుడు తెరచాప పడవ ఒకటి కొన్నాడు. పడవ అంటే నొచ్చుకుంటాడు, యాట్ అనాలి. ఫుకెట్‌లో బయల్దేరి అండమాన్, నికోబార్ చుట్టి, విశాఖ రేవులో దిగి, మా వెంకన్న కొండెక్కి దణ్ణం పెట్టుకోవాలని వాడి పథకం.

"ఏటి మావయ్యా, మన దేశవే కదా, మళ్లీ పర్మిషనేటి?" అన్నాడు ఫోన్లో.

దేశం మనదే నాయనా, పౌరసత్వం మార్చుకున్న నువ్వే మనవాడివి కావు. ఓసీఐ కార్డు చూపించి పెళ్లిళ్లకు రావొచ్చు, పొలం పంపకాల్లో గొడవ పడొచ్చు. అండమాన్ లాంటి నియంత్రిత ప్రాంతాల దగ్గరకొచ్చేసరికి మాత్రం, విదేశీయుల నిబంధనల ముందు నువ్వూ నార్వే వాడూ ఒకటే.

విశాఖలో ఓడెక్కే శ్రీకాకుళం మనిషికి ఈ పీడ లేదు. టిక్కెట్టు కొని, రెండు మూడు రోజులు కడుపులో తిప్పుళ్లు ఓర్చుకుంటే పోర్ట్ బ్లెయిర్. అక్కడ తెలుగులోనే బేరమాడుకోవచ్చు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగే. అయితే అతనైనా నికోబార్ వైపు తల తిప్పాడంటే ట్రైబల్ పాస్ చూపించాలి.

మావాడు దరఖాస్తు తెరిచాడు. పుట్టిన ఊరు వడ్డాది, జిల్లా విశాఖపట్నం అని పాత కాగితాలు చెబుతాయి. 2022 ఏప్రిల్ నుంచి అదే ఊరు అనకాపల్లి జిల్లా. వెళ్లాల్సిన రేవు పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో ఆ నగరం శ్రీ విజయ పురం అయింది. పుట్టిన జిల్లా, చేరే రేవూ పేర్లు మార్చుకుని కూర్చున్నాయి. మధ్యలో వీడొక్కడు పాత పేరుతోనే ఉన్నాడు.

పేర్ల గొడవ తేలినా పని తేలదు. ముందు పోర్ట్ బ్లెయిర్ రేవుకే రావాలి. రేడియోలో పిలిచి, వచ్చానని చెప్పుకోవాలి. కస్టమ్స్, ఇమిగ్రేషన్, కోస్ట్‌గార్డ్, రేవు అధికారులు, అందరికీ తలో ప్రతి. ఏ రోజు ఏ దీవి దగ్గర లంగరు వేస్తాడో ముందే రాసివ్వాలి. గాలి ఎటు వీస్తే అటు పోయే పడవకు ఇది జాతకం రాయించడమే. రోజూ ఎక్కడున్నాడో రేడియోలో హాజరు పలకాలి. శాటిలైట్ ఫోనుందా అంటే అది ఇంకో ఫైలు, ఇంకో శాఖ.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఎగతాళి కాసేపు పక్కన పెట్టి చెబుతాను, ఉండాల్సిందే. 1858లో బ్రిటిష్‌వాళ్లు అక్కడ ఖైదీల స్థావరం పెట్టేనాటికి గ్రేట్ అండమానీయులు వేలల్లో ఉండేవారు. వచ్చినవాళ్లు మోసుకొచ్చిన జబ్బులు తగిలి ఇవాళ పదుల్లో మిగిలారు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం పుట్టింది అలాంటి ప్రజల కోసమే. మావాడి జలుబు మనకు జలుబే, వాళ్లకు కాదు.

ఉత్తర సెంటినెల్ దీవిలో అయితే దరఖాస్తు పరిష్కారం మరీ వేగం. కాగితం లేదు, శాఖల మధ్య తిరుగుళ్లు లేవు, బాణమే జవాబు. 2004 సునామీ తర్వాత క్షేమం కనుక్కుందామని వెళ్లిన హెలికాప్టరుకూ అదే జవాబు. 2018లో కేంద్రం 29 దీవులకు విదేశీయుల పర్మిట్ సడలిస్తే ఆ జాబితాలో ఈ దీవి పేరూ ఉంది! మిగతా చట్టాలు అడ్డున్నాయి కదా అన్నారు. ఆ ఏడాది నవంబరులోనే ఒక అమెరికా యువకుడు జాలర్లకు డబ్బిచ్చి రహస్యంగా వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2025 మార్చిలో ఇంకొకడు రబ్బరు పడవలో వెళ్లి, ఒడ్డున కొబ్బరికాయా కూల్‌డ్రింక్ డబ్బా పెట్టి తిరిగొచ్చి అరెస్టయ్యాడు. ఇద్దరూ అనుమతి అడగలేదు. అడిగేవాడు దొరికితే ఆఫీసుకు పండగ. అడగనివాడు అప్పటికే దీవి మీద ఉంటాడు.

నా గోడు ఇది కాదు. మావాడు చూడాలనుకున్న గలతియా అఖాతం గ్రేట్ నికోబార్‌లో ఉంది. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం, షోంపెన్, నికోబారీ తెగలు ఉండే దీవి. తెరచాప పడవకు అక్కడ చోటు లేదు. సబబే, పర్యావరణం సున్నితం. మరి అదే అఖాతంలో కంటెయినర్ ఓడల ట్రాన్స్‌షిప్‌మెంట్ మహా రేవు? 2021 జనవరిలో అక్కడి అభయారణ్యాన్ని రద్దు చేశారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ కలిపి మొదటి అంచనా 72,000 కోట్లు. పోయేది సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి. 9.64 లక్షల చెట్లు కొట్టాల్సి రావొచ్చని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. అక్కడి గిరిజన మండలి ఇచ్చిన సమ్మతిని అదే నవంబరులో వెనక్కి తీసుకుంది. మావాడు ఒక సంతకం వెనక్కి తీసుకుంటే పడవ కదలదు. వాళ్లు తీసుకుంటే ప్రాజెక్టు ఆగలేదు. పోయిన అడవికి బదులు మొక్కలు హర్యానాలో నాటుతారట. అక్కడి తాబేళ్ల అదృష్టం.

అందుకే మావాడికి ఒక సలహా ఇచ్చాను. ప్రయాణ ఉద్దేశం అనే గడిలో విహారం కొట్టేసి, "ట్రాన్స్‌షిప్‌మెంట్ రేవు, మొదటి దశ" అని రాయమన్నాను.

"పడవ పొడుగు పన్నెండు మీటర్లే మావయ్యా, నమ్ముతారేటి?" అన్నాడు.

"మిగతాది రెండో దశలో అని రాయి."