సెలవెంతో తీర్పంత

2025లో ఉగాదీ రంజానూ ఖతార్‌లో ఒకేరోజు పడ్డాయి. మార్చి 30, ఆదివారం. ఇండియాలో రంజాన్ మర్నాడు. మన ఉగాది పచ్చడి మీద గౌరవంతోనే ఇక్కడ నెలవంక ఒకరోజు ముందు తొంగిచూసిందని నా నమ్మకం. లేకపోతే ఈ దేశంలో ఉగాదికి సెలవెవడిస్తాడు?

సెలవులైతే వచ్చాయిగానీ అందరికీ ఒకే కొలత కాదు. సర్కారు శాఖల్లో పనిచేసేవాళ్లకు ఏప్రిల్ 7 దాకా ఇచ్చారు. ముందున్న శుక్ర, శనివారాలు కలుపుకుంటే పదకొండు రోజులు. ప్రైవేటు కంపెనీలవాళ్లకు కార్మిక చట్టం రాసిచ్చింది మూడే పనిదినాలు. సినిమాల మీద అభిప్రాయాలు కూడా సరిగ్గా ఈ లెక్కనే సాగుతాయి. మూడు రోజులవాడు ‘బాగుంది’, ‘బాలేదు’, ‘పర్లేదు’ అంటూ రోజుకొకటి చెప్పి డ్యూటీకి పోతాడు. పదకొండు రోజులవాడు స్క్రీన్‌ప్లే జోలికి వెళ్తాడు. ఐదో రోజుకి కెమెరా యాంగిల్స్, ఎనిమిదో రోజుకి దర్శకుడి పాత సినిమాలు తవ్వి తీస్తాడు. ఆ తర్వాత ఇంట్లోవాళ్లే జాలిపడి కార్నిష్‌కి తీసుకెళ్లి సముద్రపు గాలి తగిలించాలి.

అభిప్రాయం ఉండాలంటే సినిమా చూసి తీరాలనేం లేదు. హైదరాబాద్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. మనమిక్కడ కళ్లు నులుముకునేసరికి అక్కడ మొదటి ఆట సగం అయిపోయి, వాట్సాప్‌లోకి రేటింగ్ దిగిపోతుంది. దాన్ని జేబులో వేసుకుని హాల్లోకి వెళ్తాం. రెండున్నర రేటింగ్ వచ్చిన సినిమాలో నవ్వొస్తే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్న పెద్దమనుషుల్ని నేనెరుగుదును.

మార్చి 28న తెలుగువి రెండొచ్చాయి. ‘మ్యాడ్ స్క్వేర్’లో లడ్డుగాడి పెళ్లి, ఆనక గోవా. నేను హాయిగా నవ్వాను. ఆ మాట పండగనాడు అల్ సద్‌లో ఒకరింట భోజనాల దగ్గర అనేశాను.

“కథేముందండీ అందులో?” అన్నారు ఇంటి పెద్దాయన, మూడోసారి బిర్యానీ వడ్డించుకుంటూ.

“హాల్లో పడీపడీ నవ్వారుగా!” అంది వాళ్లావిడ.

“నవ్వడం వేరు, నచ్చడం వేరు.”

“ఇంట్లో ఆ రెండూ లేవులెండి,” అని ఆవిడ గారెలు తేవడానికి లోపలికెళ్లింది. ఆయన కథ గురించి మళ్లీ ఎత్తలేదు.

ఇక నితిన్ ‘రాబిన్‌హుడ్’. అందులో డేవిడ్ వార్నర్ ఉన్నాడని నెలరోజులు ఊదరగొట్టారు. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చిపెట్టిన కెప్టెన్ కదా, ఓపెనర్‌గా దింపుతారనుకుని మా వరసలో వాళ్లమంతా సర్దుకుని కూర్చున్నాం. దర్శకుడు వెంకీ కుడుముల ఆయన్ని టెయిలెండర్‌గా పంపాడు. అప్పటికి మా వికెట్లన్నీ పడిపోయి ఉన్నాయి.

వీటికన్నా ఒకరోజు ముందే ‘ఎంపురాన్’ వచ్చి తిష్ఠ వేసింది. గల్ఫ్‌లో మోహన్‌లాల్ బొమ్మ పడిందంటే మనకు మిగిలేది మలయాళీలు వదిలేసిన ఆటలే. మా ఆఫీసు తెలుగువాడొకడు అది చూసొచ్చి, “మలయాళంవాళ్లు ఎంత సహజంగా తీస్తారండీ!” అన్నాడు. హెలికాప్టర్లూ తుపాకులూ దేశదేశాల విలన్లూ ఉన్న సినిమా అది. మలయాళ సినిమా చూసి ‘సహజం’ అనడం మనకు గుళ్లో గంట కొట్టడంలాగా అలవాటైపోయింది. బాలయ్య సినిమాలో ఇదే హెలికాప్టర్ ఎగిరితే ఇతనే లాజిక్ అడిగేవాడు.

పండగ పూట సెలవే లేని విమర్శకుణ్ణి కూడా ఒకణ్ణి చూశాను. మాల్ నుంచి నన్ను నజ్మాలో దింపిన టాక్సీ తమ్ముడు, జగిత్యాలవాడు. వెనక సీట్లో వినపడే తీర్పులన్నీ అతనికి కంఠతా వచ్చు. మేడంగారికి పాటలు నచ్చలేదట, పిల్లలకు ఫైట్లు నచ్చాయట, సారు సినిమా అంతా ఫోన్ చూసుకున్నాడట.

“నువ్వు చూసినవా తమ్మీ?”

“యాడ సూస్త అన్నా? పండుగ పూట బేరం ఇడిశిపెట్టి సిన్మకు పోతనా?”

“మరి మన తెలుగు రెండిట్ల ఏది మంచిగున్నట్టు?”

“నాకైతె రాబిన్‌హుడ్డే మంచిగుంది.”

“అదేంది, అందరూ మ్యాడ్ బాగుందంటుంటే!”

“మ్యాడ్‌కు పోయినోళ్లందరు అయిపోయినంక ఒక్కపారే బయిటికి అచ్చిండ్రన్నా. నాకు ఒక్క బేరమే దొరికె. రాబిన్‌హుడ్‌కు సగం కెల్లే ఒక్కలెనుక ఒక్కలు రావట్టిరి, మూడు ట్రిప్పులు కొట్టిన. దానికి రెండో పార్టు తీస్తరా, ఏమన్న ఎర్కేనా?”