ఉక్కుకి తూకం, బుర్రకి బేరం

విశాఖ కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు డిజైన్ చేసే కుర్రాడి కొట్టుకి ఒక పెద్దాయన వచ్చారు. గృహప్రవేశం బ్యానరు కావాలి.

"ఎంతేటి?"

"ప్రింటు అడుగుల లెక్కండి. డిజైనుకి అయిదొందలు."

"డిజైనుకి కూడానా? చేసేది కంప్యూటరే కదా!"

ఆ ఇంటికి కొన్న ఊచల బిల్లు ఆయన చొక్కా జేబులోనే ఉంది. కిలోల లెక్క, పైన 18 శాతం జీఎస్టీ. అక్కడ కిక్కురుమనలేదు.

పైగా ఈయన 2021 ఫిబ్రవరి నుంచి ఇదే జంక్షన్‌లో నడిచిన విశాఖ ఉక్కు ప్రైవేటీకరణ వ్యతిరేక దీక్షా శిబిరంలో, సొంత గనుల్లేక ఖనిజం మార్కెట్ రేటుకి కొంటుంటే స్టీల్ ప్లాంటుకి ఏటి మిగుల్తాదని నిలదీసిన మనిషి. న్యాయమైన మాటే. కుర్రాడు గొణిగాడు: "నాకూ సొంత గనుల్లేవండి. అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేరు, అన్నీ మార్కెట్ రేటే."

కుర్రాడూ తక్కువోడు కాదు లెండి. గోడమీద రేట్ల బోర్డు పెట్టమంటే పెట్టడు. బుల్లెట్ మీదొస్తే ఎనిమిదొందలు, స్కూటీ అయితే అయిదొందలు, "ఒరే అల్లుడూ" అని పిలిస్తే సున్నా.

బావమరిది ఫొటో చిన్నదైందని ఒకసారి, ఎమ్మెల్యేగారిది పెద్దది కాలేదని మరోసారి, మొత్తం ఏడుసార్లు మార్చాక రెండొందలకి తెగింది.

"కింద నీ కొట్టు పేరేసుకో, పబ్లిసిటీ" అన్నారు పెద్దాయన. ఆ జాగాకి అడుగెంతో ఇంకా చెప్పలేదు.