ప్రహ్లాదునికి పెండ్లేంది?

మా పెద్దమ్మకు రోజారమణి మీద కోపం. రోజారమణి ఆమెకు చేసిన అపకారమేమీ లేదు. ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు కూడా. రోజారమణి చేసిందల్లా పెద్దదవడం, పెండ్లి చేసుకోవడం, కొడుకును కనడం. ఇవే పనులు పెద్దమ్మా చేసింది. ఆ మాట గుర్తు చేస్తే "నేనేమన్న ప్రహ్లాదుణ్ణా?" అంటుంది. దీనికి జవాబు మా వంశంలో ఇంతవరకు ఎవరికీ తట్టలేదు.

అసలు కథ 1967లో మొదలైంది. ఏవీఎం వాళ్ళ 'భక్త ప్రహ్లాద' వచ్చింది ఆ ఏడే. చిత్రపు నారాయణమూర్తి దర్శకుడు. నల్లగొండ టాకీసులో ఆడుతున్నదని తెలిసి మా ఇంట్లో కచ్చురం కట్టారు. పానగల్ నుంచి నల్లగొండ ముచ్చట్లు పెట్టుకుంటూ నడిచిపోయే దూరమే. కానీ కొత్త కోడలు సినిమాకు నడిచిపోతే అత్తగారి పరువేం గావాలె?

ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు. అంజలీదేవి లీలావతి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ అంతటివాడు నారదుడు. ప్రహ్లాదుడు మాత్రం బేబీ రోజారమణి. ఆడపిల్ల మగపిల్లవాడి వేషం కట్టిందని పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో లేదు. యాదగిరిగుట్ట నరసింహస్వామి మా ఇలవేల్పు. ఆ స్వామి ఎవరికోసం దిగివచ్చాడో ఆ పిల్లవాడు రంగుల్లో నవ్వుతూ కనిపిస్తుంటే, వాడు మద్రాసులో ఏ ఇంటి బిడ్డ అని ఎవరు ఆరా తీస్తారు? పిల్లవాణ్ణి రాజు తిప్పలు పెడుతున్నంతసేపు ఆడవాళ్ళ బెంచీలు "నీ చేతులిరగ", "నీ నోట్ల మన్నువడ" అని మోగిపోయాయట. రంగారావు గనక ఆ హాల్లో కూర్చుని ఉంటే జన్మ ధన్యమైందనుకునేవాడు. స్తంభం పగిలి స్వామి వెలిసినప్పుడు పెద్దమ్మ లేచి నిలబడి కొబ్బరికాయ కోసం చుట్టూ చూసిందట. సోడా సీసా తప్ప ఏదీ దొరకలేదు. దాన్ని ఎత్తింది కూడా. చిన్నాయన చెయ్యి పట్టి ఆపాడు.

ఆరేండ్లు గడిచాయి. చిన్నాయన 'విజయచిత్ర' తిరగేస్తూ "వదినే, నీ ప్రహ్లాదుడు మళ్ళొచ్చిండు" అన్నాడు. పెద్దమ్మ తలంటి పోసుకొని, ఒక్కపొద్దుండి, భక్తిగా పోయింది. సినిమా పేరు 'కన్నెవయసు' అని చిన్నాయన చెప్పలేదు. తెర మీద రోజారమణి కథానాయిక. లంగా ఓణీ, పూలజడ, వెనకాల ఒక యువకుడు. ఇంటికొచ్చి పెద్దమ్మ అడిగిన ప్రశ్న మా వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. "గా పోరడు ప్రహ్లాదుని ఎంటవడుతుంటె నర్సిమ్మసామి ఏడ వోయిండు? గన్ని చెట్లున్నయి, ఒక్కటన్న పగలదేంది?"

అంతకు ముందు ఏడే, 1972లో, మలయాళంలో 'చెంబరత్తి'లో శోభన అన్న పేరుతో ఆమె నాయికగా నటించింది. ఈ ముచ్చట మేమంతా కడుపులోనే దాచుకున్నాం. మారుపేరు పెట్టుకుందంటే పెద్దమ్మ ఎంతదూరం ఊహిస్తుందో మాకు తెలుసు. తర్వాత ఒడియా చిత్రాల నటుడు చక్రపాణితో పెళ్ళయిందన్న వార్త మాత్రం దాగలేదు. దానిమీద పెద్దమ్మ ఇచ్చిన తీర్పే ఈ వ్యాసానికి పేరు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఇందులో పెద్దమ్మను ఒక్కదాన్నే అనలేం. మా ఊరికే ఆ గుణం ఉంది. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల కాలపు త్రికూటాలయం. అందులో ఒక గర్భగుడిలో శివలింగం వెనక స్తంభం నీడ పడుతుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతాడు, నీడ మాత్రం పగలంతా జరగదు. బాలనటి విషయంలో మన ప్రేక్షకుల మనసూ అచ్చం అదే. కాలం నడిచిపోతుంది, ఆ పిల్ల మాత్రం ఎక్కడ నిలబెట్టామో అక్కడే ఉండాలి. గుళ్ళో ఎటు వెతికినా ఆ నీడ ఫలానా స్తంభానిదని చెప్పలేం. మండపంలోని స్తంభాలన్నీ తలా కొంచెం వెలుతురు ఆపి, వాటి నీడలన్నీ కలిసి ఒక్కటిగా పడతాయని భౌతికశాస్త్రం చదివినవాళ్ళు తేల్చారు. తెర మీద కదలకుండా నిలిచిపోయిన పిల్ల బొమ్మ కూడా ఆ పిల్ల ఒక్కతిది కాదు. పెద్దమ్మలు, చిన్నాయనలు, నేను, మీరు, తలా కొంచెం అడ్డం నిలబడితే పడింది.

మా ఊరికి సినిమా సంగతుల మీద ఇంత అధికారం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. మద్రాసు త్యాగరాయనగర్‌లో పానగల్ పార్కు ఉంది. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో వేషాల కోసం, పాటల కోసం వెళ్ళినవాళ్ళు ఆ పార్కు బెంచీల మీద కూర్చునే కలలు కన్నారు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా చేసిన పానగల్ రాజా, అంటే పానగంటి రామరాయణింగారు, ఆయన పేరు మీద వెలిసిన పార్కు అది. ఆయనకూ మా ఊరికీ చుట్టరికం ఏమిటో చిన్నాయన తేల్చలేదు. తేల్చకపోవడమే లాభం. "మన పార్కుల కూసొనే గద వాళ్ళంత హీరోలైంది" అనేవాడు. ఇక ఆ హీరోలను, హీరోయిన్లను, వాళ్ళ పిల్లలను మందలించే హక్కు మాకు కాక ఎవరికుంటుంది?

ఆ హక్కుతోనే చిన్నాయన 1979లో శ్రీదేవి లెక్క తీశాడు. 1972లో వచ్చిన 'బడిపంతులు'లో ఎన్టీ రామారావు ముసలి పంతులు, శ్రీదేవి ఆయన మనవరాలు. ఏడేండ్లు తిరిగేసరికి 'వేటగాడు'లో ఆయన కథానాయకుడు, ఆమె కథానాయిక. అరుగు మీద పంచాయతీ జరిగింది. మనవరాలు గింత తొందరగ పెద్దగైతదా అని ఒకరు, ఆడపిల్లకు సిగ్గుండొద్దా అని ఒకరు. చిన్నాయన అందరినీ ఆపి, "పిల్ల ఏడేండ్లల్ల ఏడేండ్లే పెరిగింది, లెక్క సరిగనే ఉన్నది. ముసలి పంతులు ఏడేండ్లల్ల ముప్పై ఏండ్లు చిన్నగైండు, గది అడుగుర్రి" అన్నాడు. అరుగు ఖాళీ అయింది. మా ఊళ్ళో రామారావును ఎవరూ ఏమీ అడగరు.

తమిళంలో రజనీకాంత్, మీనా ముచ్చటా ఇంతే. 1984లో 'అన్బుళ్ళ రజనీకాంత్'లో ఆమె చిన్నపిల్ల, 1995లో 'ముత్తు'లో ఆయన నాయిక. ఈసారీ అరుగు మీద అందరూ మీనా వయసే లెక్కగట్టారు. రజనీకాంత్ వయసు లెక్కగట్టడానికి ఎవరి దగ్గరా బలపం లేకపోయింది.

ఈ నొప్పి నాకు కొంచెం తెలుసు. నేనూ మాజీ బాలనటుణ్ణే. మా బడి వార్షికోత్సవంలో ప్రహ్లాదుణ్ణి నేనే. బుగ్గలు నున్నగా ఉన్నాయన్నది ఒక్కటే అర్హత. తర్వాత డిగ్రీ చదివాను, సర్కారు కొలువు చేశాను, పెన్షన్ తీసుకుంటున్నాను. ఊళ్ళో మాత్రం ఈనాటికీ "ప్రహ్లాదు సారు" అనే అంటారు. మా నాటకంలో హిరణ్యకశిపుడు వేసినవాడు ఆర్టీసీలో కండక్టరయ్యాడు. బస్సు ఎక్కితే చాలు, "ఏడున్నడురా నీ హరి?" అని నిండు బస్సులో గర్జించేవాడు. "ఎనక సీట్ల కూసున్నడు, ఆయనకూ టికెట్ కొట్టు" అనేవాణ్ణి. ఒక్క సాయంత్రం, అదీ తడకల స్టేజీ మీద వేషం వేసిన నా గతే ఇది. రాష్ట్రమంతా చూసిన పిల్లల గతేమిటి?

వాళ్ళు కనిపిస్తే మనం అడిగేది ఒక్కటే: "ఇప్పుడేం జేస్తున్నదో, పాపం." ఈ పాపం ఎందుకో నాకు అర్థం కాదు. వాళ్ళు మనకన్నా ఎక్కువ పనే చేస్తున్నారు. 'లేతమనసులు'లో కవలలిద్దరూ తానే అయిన కుట్టి పద్మిని టీవీ సీరియళ్ళ నిర్మాత అయింది. 'శంకరాభరణం'లో శంకరం అనే పిల్లవాడి వేషం వేసిన తులసి తర్వాత తెర మీద హీరోలకు తల్లి అయింది. ఆ శంకరం ఆడపిల్ల అని తెలిసినప్పుడు పెద్దమ్మ "గీ సినిమావాళ్ళ ఇండ్లల్ల మొగపిల్లలే పుట్టరా?" అని జాలిపడింది.

'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే నెలలో, తుఫాను వానల్లో విడుదలైంది. అందులో చిన్నపిల్లలు షాలిని, షామిలి అక్కచెల్లెళ్ళు. ఇంద్రలోకం నుంచి దిగిన శ్రీదేవి కూడా ఒకనాటి బేబీనే. ఒక్క టికెట్ మీద ముగ్గురు బాలనటులను చూశామని ఆనాడు మనకు తట్టలేదు. షాలిని 2000లో అజిత్‌ను పెళ్ళి చేసుకొని సినిమాలు మానేసి బ్యాడ్మింటన్ బ్యాటు పట్టింది. షామిలి 2009లో 'ఓయ్'లో నాయికగా వచ్చింది, తర్వాత కుంచె పట్టింది. 'ఓయ్' టీవీలో వస్తుంటే పెద్దమ్మ "గీ పిల్ల పాలడబ్బా ఏడవెట్టింది?" అని అడిగింది.

ఆ షామిలికి 'అంజలి' సినిమాకు ఉత్తమ బాలనటిగా జాతీయ అవార్డు వచ్చినప్పుడు దాన్ని పంచుకున్న పిల్లల్లో తరుణ్ ఒకడు. రోజారమణి, చక్రపాణిల కొడుకు. పదేండ్లకు, 2000లో, 'నువ్వే కావాలి'తో హీరో అయ్యాడు. కాలేజీ పిల్లలంతా ఆ సినిమాకు ఎగబడుతుంటే పెద్దమ్మ నిబ్బరంగా "ప్రహ్లాదుని కొడుకు విరోచనుడు, రాక్షసుల రాజు. పురాణంల ఉన్నది. జాగ్రత్త" అని మా ఆడపిల్లలను హెచ్చరించింది.

ఇదంతా ఒక ఎత్తు. ఈమధ్య టీవీలో రోజారమణి మాట్లాడుతుంటే చూడమని పెద్దమ్మను పిలిచాను. ముందు మొహం తిప్పుకుంది. తర్వాత చెవి ఇటు వేసింది. నాయిక వేషాలు తగ్గాక రోజారమణి డబ్బింగ్ చెప్పింది. వందలాది సినిమాల్లో నాయికలకు ఆమె గొంతు అరువిచ్చింది. తెలుగు రాని అందగత్తెలు తెర మీద పెదవులు కదిపితే, ఆ కదలికకు తెలుగు ప్రాణం పోసిన కొద్దిమందిలో ఆమె ఒకరు.

అది తేలిక పని అనుకుంటాం గానీ కాదు. చీకటి గది. ఎదురుగా, ఆ రోజుల్లో, ఫిల్మ్ ముక్కను చుట్టుగా అతికించి మళ్ళీ మళ్ళీ తిప్పుతుండేవారు. తెర మీద ఎవరో ఏడుస్తుంటుంది. మైకు ముందు ఈమె చీర నలగకుండా, కాగితం చప్పుడు కాకుండా, ఆ ఏడుపు ఏడవాలి. పెదవులు మూసుకున్న చోట ప, బ, మ పడాలి, తెరుచుకున్న చోట అచ్చు పడాలి. ఊపిరి కూడా ఆ ముఖానిదే తీయాలి. ఇంతా చేస్తే చూసేవాళ్ళు "అబ్బ, ఏం నటించింది" అని మెచ్చుకునేది ఆ ముఖాన్నే. "ఆ పిల్ల ఏమైందో పాపం" అని మనం వాపోయినన్ని రోజులూ ఆమె మన చెవిలోనే మాట్లాడుతూ ఉంది. పిల్లగా కనిపించిన ముఖాన్ని పెద్దదవనిచ్చేది లేదని మనం మంకుపట్టు పడితే, ఆమె ముఖం పక్కన పెట్టి గొంతుతో పని చేసుకుంది.

ఇదంతా నా పరిజ్ఞానమంతా ఒలకబోసి పెద్దమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "అయితే గా ఎనబై, తొంబైలల్ల సినిమాలు జూస్తిమి గద. పెద్ద బంగళ, మెట్లు, పైనుంచి తండ్రి దిగొచ్చి బెదిరిస్తడు. పిల్ల ఎదురునిలవడి, నువ్వు సంపినా సరే, నేను వాణ్ణే నమ్ముకున్న అంటది. గా గొంతులల్ల ఈమెది గూడ ఉన్నదా?" అని అడిగింది.

"ఉండే ఉంటది పెద్దమ్మా."

"మరి నాకు ముందుగాలనే జెప్పొద్దా?" అని పెద్దమ్మ రిమోట్ అందుకుంది. "తండ్రికి ఎదురు మాట్లాడుడు ప్రహ్లాదునికి కొత్తనా? పాత అలవాటే గద. గా తండ్రులే, కట్నాలు, కోట్లు అనుకుంట, ఆనవాలు వట్టలే."