రాముడి నుంచి ఓరుగల్లు దాకా

కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి రేవు శాసనం సూర్యవంశపు ఇక్ష్వాకు, రఘు, రాముల మీదుగా కాకతీయుల మూలపురుషుడు దుర్జయుడి దాకా నిచ్చెన వేసేసింది. ఆయన తోబుట్టువు మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనంలోనేమో దుర్జయ వంశపు వెన్ననృపుడి నుంచే లెక్క మొదలవుతుంది. సామంతుల శాసనాలు కొన్ని కాకతీయులది ఏకంగా చతుర్థ కులమన్నాయి, అంటే శూద్రులని. ఒకే ఇంటికి ఇన్ని చిట్టాలు! ఆ రోజుల్లో అదే రివాజు, చాళుక్యులు చంద్రుణ్ని పట్టుకోలేదా అంటారు. నిజమే, రాజన్నాక ఆకాశంలో ఓ చుట్టం ఉండాల్సిందే. అయితే అదే మోటుపల్లి రాయి మీద అసలు సరుకుంది: తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సొమ్ము లాక్కోబోమని, ముప్పయ్యో వంతు సుంకమే తీసుకుంటామని వర్తకులకిచ్చిన అభయం. వర్తకులకు కావలసింది ఆ ముప్పయ్యో వంతు; రఘువంశంతో వాళ్లకేం పని? మన కులసంఘాల ఫ్లెక్సీలకు మాత్రం సూర్యుడే కావాలి, సుంకం అక్కర్లేదు.